కరెంటు గ్రిల్, ఎయిర్ ఫ్రయర్, ఓవెన్, కెటిల్: వాడుడు ఎట్ల, కడుగుడు ఎట్ల

కరెంటు గ్రిల్ అటక మీదికి ఎందుకు ఎక్కుతదంటే కడగబుద్ధి కాక, అంతే. కొన్న కొత్తల ప్రతి ఆదివారం చికెన్ పెడతరు, పన్నీర్ పెడతరు, పిల్లలు ఖుషీ అయితరు, తర్వాత ఆ ప్లేట్ల గాళ్లల్ల మసాలా మాడి నల్లగ అతుక్కుంటది, దాన్ని స్టీల్ పీచు పెట్టి గీకుతరు, కోటింగ్ లేస్తది, ఇగ ఏం పెట్టినా అంటుకునుడే, ఉత్త దండగ ఖర్చు అని డబ్బల పెట్టి పైకెక్కిస్తరు. వండినంక ఎప్పుడు తుడ్వాలె, దేనితోని తుడ్వాలె అన్న రెండు సంగతులు తెలిస్తే అదే గ్రిల్ ఏండ్లకేండ్లు నడుస్తది. గ్రిల్‌తో పాటు అదే గట్టు మీద ఉండే ఎయిర్ ఫ్రయర్, మైక్రోవేవ్, ఓటీజీ (రాడ్లతోని కాలే కరెంటు ఓవెన్), ఇండక్షన్, కెటిల్ సంగతి కూడా చెప్తా, మన నల్గొండ, పాలమూరు దిక్కు ఉండే నీళ్లు, కరెంటు, తిండి లెక్కల పెట్టుకొని. డబ్బల వచ్చే చిన్న బుక్కుల మన బోరు నీళ్ల గురించి ఒక్క ముక్క ఉండదు మరి.

ముందు సాకెట్

గ్రిల్ అడుగున గానీ వెనకాల గానీ ఒక స్టిక్కర్ ఉంటది, దాని మీద వాట్లు రాసి ఉంటయి, అది చూడకుండ ప్లగ్గు పెట్టొద్దు. చిన్న సాండ్విచ్ మేకర్ 700, 750 వాట్ల దగ్గర ఉంటది, దానికి మామూలు సాకెట్ సరిపోతది. గ్రిల్, ఓటీజీ, ఎయిర్ ఫ్రయర్, ఇండక్షన్ మాత్రం చాలా వరకు 1200 నుంచి 2000 వాట్ల దాంక పోతయి. టీవీకి, ఫోన్ ఛార్జర్‌కు వాడే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, 230 వోల్టుల మీద లెక్కేస్తే అది మోసేది 1380 వాట్లు, అది కూడా సాకెట్ కొత్తగ, బిగుతుగ ఉంటేనే. అంటే 1500, 1800 వాట్ల మిషన్‌కు గీజర్‌కు పెట్టే పెద్ద పవర్ సాకెట్, 16 ఆంపియర్లది, ఉండాల్సిందే. పెద్ద పిన్నులు చిన్న సాకెట్ల పట్టేటట్టు చేసే కన్వర్టర్లు కరెంటు సామాన్ల షాపుల్ల అమ్ముతరు, అది పెట్టి గ్రిల్ నడపకండి, గోడ లోపల వైరు కాలుతుంటే బయటికి ఏం తెల్వదు, వాసన వచ్చేసరికి ఆలస్యం అయిపోతది. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కూడా ఇదే మాట. వంటింట్ల పవర్ సాకెట్ ఒక్కటే ఉంటే ఒకసారికి ఒక్క మిషనే పెట్టండి, గ్రిల్ ఒకదిక్కు ఇండక్షన్ ఒకదిక్కు పెడితే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) పడుతది, పడుడు మంచిదే, అది పడకుండ పెద్ద ఎంసీబీ వేయించుకునుడే తప్పు.

పది నిమిషాలు నడిచినంక ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగ ఉంటే ఏం పర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే సాకెట్ లోపల లూజు ఉన్నట్టు, మిస్త్రీని పిలిచి మార్పియ్యాలె.

ఇంకొకటి ఎర్తింగ్. మూడు పిన్నుల్ల పైన లావుగ పొడుగ్గ ఉండేది ఎర్త్ పిన్ను, అది అడ్డమొస్తుందని విరగ్గొట్టి పెట్టేటోళ్లు ఉన్నరు, అట్ల చెయ్యకండి. గ్రిల్ పైన మూత, ఓటీజీ బాడీ అంతా రేకే కదా, లోపల ఏదన్న తేడా వస్తే ఆ కరెంటు భూమిలకు పోవాలె గని మీ చేతిలకు కాదు. మన దిక్కు ఎండాకాలం ఎర్త్ గుంత మొత్తం ఎండి గట్టిపడుతది, ఎండిన మట్టిల కరెంటు సరిగ పారదు, అందుకే ఏప్రిల్, మే నెలల్ల వారానికోసారి ఆ గుంతల ఒక బకెట్ నీళ్లు పోస్తుండాలె. కొత్త ఇల్లు కట్టుకున్నోళ్లు కూడా ఇది మర్చిపోతరు.

ఇన్వర్టర్ లైను మీద వేడి చేసే మిషన్లు ఏవీ పెట్టొద్దు, ఇండ్లల్ల ఉండే ఇన్వర్టర్ అంత లోడు మొయ్యదు. మధ్యల కరెంటు పోతే ప్లగ్గు తీసెయ్యండి, లేకపోతే మీరు మర్చిపోయి బయటికి పోయినప్పుడు కరెంటొచ్చి ఖాళీ గ్రిల్ దానంతట అదే కాలుకుంట కూసుంటది.

బిల్లు సంగతి అడిగేటోళ్లు చాలామంది, గృహజ్యోతి ఫ్రీ కరెంటు 200 యూనిట్లు దాటుతదేమో అని భయం. లెక్క సింపుల్, 1000 వాట్లు గంట నడిస్తే ఒక యూనిట్. 1500 వాట్ల గ్రిల్ అరగంట నడిస్తే ముప్పావు యూనిట్, అది కూడా ఆపకుండ కాలితే, నిజానికి లోపల థర్మోస్టాట్ వేడెక్కంగనే బంద్ చేస్తది, చల్లారంగనే మళ్ల ఆన్ చేస్తది కాబట్టి ఇంకా తక్కువే. వారానికి రెండుసార్లు వాడినా నెలకు ఆరు యూనిట్ల లోపే. లీటరు నీళ్లు కెటిల్ల కాగుడుకు ఒక యూనిట్ల పదో వంతు పడుతది. 200 దాటిచ్చేది ఏసీ, గీజర్, పాత ఫ్రిజ్ అసుంటివి, పాపం గ్రిల్‌ని అనుమానపడకండి.

కొత్త గ్రిల్ మొదటిసారి పెట్టేటప్పుడు

డబ్బలకెళ్లి తీసినంక లోపల అట్టముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, స్టిక్కర్లు ఏమన్న ఇరుక్కున్నయేమో చూసి అన్నీ తీసెయ్యండి. ప్లేట్లు తడి బట్టతోని తుడిచి, ఆరబెట్టి, కిటికీ తెరిచి, ఉత్తగనే ఐదు నుంచి పది నిమిషాలు వేడి చెయ్యండి. కొంచెం పొగ, కొంచెం ప్లాస్టిక్ వాసన వస్తది, ఫ్యాక్టరీల రాసిన నూనె కాలుడు అది, భయపడేది ఏం లేదు, రెండోసారికి ఉండదు. మూడోసారి నాలుగోసారి కూడా వాసన వస్తుంటే మాత్రం షాపుకు వాపస్ తీస్కపోవాలె.

ఖాళీగ వేడి చేసుడు ఆ పది నిమిషాల కన్న ఎక్కువ వద్దు, అది ఎప్పుడైనా సరే. నాన్‌స్టిక్ కోటింగ్ సుమారు 260 డిగ్రీలు దాటితే పాడవుడు షురూ అయితది, ఇంకా పైకి పోతే దాన్నుంచి వచ్చే పొగ మంచిది కాదు, మనిషికి జ్వరం దగ్గు తెప్పిస్తది, పంజరంల ఉండే చిలుకలు, లవ్ బర్డ్స్ అయితే ఆ పొగకు చచ్చిపోతయి. పక్షుల పంజరం వంటింట్ల ఉంటే ముందు అది వేరే రూముకు మార్చండి.

ఇంకో మాట, పేరుల గ్రిల్ అని ఉందని బొగ్గుల గ్రిల్ తెచ్చి ఇంట్ల, బాల్కనీ తలుపులు మూసి పెట్టుకోకండి. వాన పడుతుందని లోపలికి తెచ్చుకునేటోళ్లు ఉన్నరు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, తల తిరుగుతుందేందీ అనుకునే లోపల మనిషి పడిపోతడు. ఇంట్లకు కరెంటుదే.

ఏం పెట్టాలె, ఏం పెట్టొద్దు

నాటుకోడి గ్రిల్ మీద పెట్టకండి. దాని మాంసం గట్టిది, నిమ్మళంగ పులుసుల ఉడకాల్సింది, గ్రిల్ మీద పెడితే పైన మాడి లోపల రబ్బరైతది. బాయిలర్ కోడిల బోన్‌లెస్ తొడ ముక్క బెస్ట్, రొమ్ము ముక్క జల్ది ఎండిపోతది. రెండు దిక్కుల ప్లేట్లు ఉండి మూత వేసేదైతే బొక్క ముక్కలు పెట్టొద్దు, మూత బొక్క మీద ఆగిపోతది, పక్కల మాంసానికి ప్లేటు తాకదు, పచ్చిగ ఉంటది. ముక్కలన్నీ ఒక్క మందం కోసుకుంటే సగం పని అయిపోయినట్టే.

మసాలా కలిపేటప్పుడు మన చెయ్యి ఆగదు, పెరుగు, అల్లంఎల్లిగడ్డ, కారం, ధనియాల పొడి, అన్నీ దట్టంగ పట్టిస్తం. పట్టియ్యండి, రెండు మూడు గంటలు ఫ్రిజ్ల పెట్టండి, కానీ గ్రిల్ మీద పెట్టే ముందు ఎక్కువైంది వేలుతోని తుడిచి గిన్నెలకే తీసెయ్యండి. ముక్కకు పట్టాల్సింది ఎప్పుడో పట్టింది, పైన కారుతున్నది మాడి ప్లేటుకు అతుక్కునుడు తప్ప దేనికీ పనికిరాదు, తర్వాత మీరు గీకుకుంట కూసునేది దాన్నే. పెరుగు నీళ్లుగ ఉంటే బట్టల కట్టి నీళ్లు వంపెయ్యాలె, కొంచెం వేయించిన శనగపిండి కలిపితే ముక్కకు పట్టుకొని ఉంటది. తేనె, చక్కెర, టమాటా సాస్ ఉన్నయి మాత్రం ఆఖరుకు రెండు నిమిషాలు ఉన్నప్పుడే పూయండి, తీపి తొందరగ మాడుతది.

నూనె ప్లేటుకు పోసుడు కాదు, ముక్కకు రాయాలె. పల్లి నూనె మంచిగనే పనిచేస్తది. వెన్న పెట్టకండి, అది తక్కువ వేడికే మాడి నల్లమచ్చలు అయితది. డబ్బాలల్ల వచ్చే స్ప్రే నూనె అయితే అస్సలు వద్దు, చాలా వాటిల్ల లెసిథిన్ అని కలుపుతరు, అది నాన్‌స్టిక్ మీద జిగురు పొరలెక్క పట్టి సబ్బుకు కూడా పోదు. ఉత్త స్ప్రే బాటిల్ కొనుక్కొని మీ నూనె మీరే పోసుకోవచ్చు.

ఇగ వండుడు. గ్రిల్ ఆన్ చేసి, లైటు మారేదాంక ఆగండి, రెడీ లైటు వెలిగినంక కూడా ఒక నిమిషం ఆగితే ఇంకా మంచిది. చల్లటి ప్లేటు మీద పెట్టిన ముక్క ఖచ్చితంగ అంటుకుంటది. ముక్కలు ఒకదానికొకటి తాకకుండ పెట్టి మూత వేసి, వదిలెయ్యండి. మధ్యమధ్యల ఎత్తి చూడొద్దు, ఎత్తిన ప్రతిసారి వేడి పోతది, ముక్క చిరుగుతది. అది కాలినప్పుడు దానంతట అదే ప్లేటును విడుస్తది. ఒక అంగుళం మందం బోన్‌లెస్ చికెన్ మూత గ్రిల్ల ఆరేడు నిమిషాలు, పన్నీర్ మూడు నాలుగు నిమిషాలు, మూత లేని గ్రిల్ అయితే దాదాపు డబుల్, సగం అయినంక తిప్పాలె. ఉడికిందా లేదా అంటే లావు ముక్కను మధ్యల కోసి చూడండి, గులాబీ రంగు నీళ్లు కారుతుంటే ఇంకా కావాలె. ప్రోబ్ థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీలు చూపియ్యాలె, కోడికి అది లెక్క. పచ్చి చికెన్ ముట్టిన పట్కారుతోని కాలిన ముక్కలు తియ్యకండి.

సాగర్ చేప, సోమశిల దిక్కు చేప దొరికినోళ్లు అదృష్టవంతులు. బొచ్చె, రవ్వ ముక్కలు పెట్టేటప్పుడు ముందు తడి లేకుండ బట్టతోని అద్దాలె, తడి ఉన్న చేప ఎంత మంచి కోటింగ్‌కైనా అంటుకుంటది. చర్మం ఉన్న దిక్కు ముందు పెట్టండి. మక్కకంకులు వానాకాలం లేతగ వచ్చినప్పుడు మూత లేని గ్రిల్ మీద తిప్పుకుంట పది పన్నెండు నిమిషాలు కాల్చండి, నిప్పుల మీద కాల్చిన వాసన రాదు, అది ఒప్పుకోవాలె, కానీ నిమ్మకాయ కారం రాస్తే పిల్లలు తినుడు ఆపరు.

పొగ ఎక్కువ వస్తుందంటే కొవ్వు ప్లేటు మీద కాలుతున్నట్టు. గ్రిల్ కొంచెం ముందుకు వాలి ఉందా, నూనె ట్రేలకు కారుతుందా చూడండి. కొన్ని మూత లేని గ్రిల్స్‌కు కింది ట్రేల నీళ్లు పొయ్యాలని బుక్కుల ఉంటది, పోస్తే పడిన కొవ్వు కాలక పొగ తగ్గుతది. బుక్కుల లేకపోతే పొయ్యకండి.

అసలు పని: తుడుచుడు

ఇది గోరువెచ్చగ ఉన్నప్పుడే చెయ్యాలె. మరీ వేడి మీద కాదు, మొత్తం చల్లారినంక కూడా కాదు, తెల్లారి అయితే అసలే కాదు. వేడి మీద నీళ్లు పోస్తే ప్లేటు వంకరపోతది, కోటింగ్ పగులుతది, ఆవిరి చేతికి కొడుతది. చల్లారినంక కొవ్వు గడ్డకట్టి మసాలా సిమెంట్ అయితది. తినుడు అయినంక వెంటనే అంటే సరిగ్గ సరిపోతది, ఒక పదిహేను ఇరవై నిమిషాలు.

1. స్విచ్ బంద్ చెయ్యండి, ప్లగ్గు పీకండి. స్విచ్ ఒక్కటే బంద్ చేసి తడి బట్ట పట్టుకోవద్దు.

2. చెక్క గరిటెతో గానీ సిలికాన్ గరిటెతో గానీ గాళ్ల వెంబడి మెల్లగ నూకుకుంట మురికి ట్రేలకు దింపండి. స్టీల్ అట్లకాడ, కత్తి, ఫోర్కు ఏవీ తాకొద్దు.

3. ఒక కాటన్ బట్ట, పాత లుంగీ ముక్క అయితే బ్రహ్మాండం, తడిపి గట్టిగ పిండి, మడతపెట్టి కింది ప్లేటు మీద పరిచి మూత మూసెయ్యండి. ఐదు నిమిషాలు. ప్లేట్ల ఉన్న వేడికి లోపల ఆవిరి పుట్టి మాడింది మొత్తం మెత్తబడుతది. ఈ ఒక్క పని చేస్తే మిగతాది చెయ్యనవసరం లేదు చాలాసార్లు.

4. అదే బట్టతోని తుడిచెయ్యండి. ఇంకా అంటుకొని ఉంటే వంటసోడా కొంచెం నీళ్లల్ల కలిపి పేస్టు చేసి ఆ మచ్చ మీదనే రాసి పావుగంట వదిలి, మెత్తటి స్పంజుతోని తుడవాలె. కోటింగ్ లేని ఉత్త అల్యూమినియం ప్లేటు అయితే సోడా ఎక్కువసేపు ఉంచకండి, నల్లబడుతది. బట్టల సోడా అయితే అసలు దగ్గరికి రానియ్యొద్దు.

5. శుభ్రమైన తడి బట్టతోని రెండుసార్లు, పొడి బట్టతోని ఒకసారి తుడిచి, మూత తెరిచే ఉంచి ఆరనియ్యండి.

ప్లేట్లు ఊడొచ్చే గ్రిల్ అయితే ఇంకా సులువు, వేడినీళ్లల్ల బోళ్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి అరగంట నానబెట్టండి. కానీ ముందు తిప్పి చూడండి, ప్లేటు వెనకాల కరెంటు పిన్నులు, కాయిల్ ఉన్నయంటే అది నానబెట్టేది కాదు. వంటసోడా, వెనిగర్ రెండూ కలిపి నురుగొస్తే మురికి పోతదని ఫోన్ల వీడియోలు చూస్తుంటం, ఆ నురుగు చూడుడుకే బాగుంటది, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటయి, చివరికి మిగిలేది ఉప్పునీళ్లే. జిడ్డుకు సోడా, తెల్ల సున్నపు మచ్చకు వెనిగర్ లేదా నిమ్మకాయ, ఏదో ఒకటి వాడండి.

ట్రేల నూనె సింకుల పొయ్యొద్దు, పైపుల గడ్డకట్టి జామ్ అయితది. పాత పేపర్ల వంపి చెత్తలెయ్యండి. మూత సందుల దగ్గర, కీలు దగ్గర పాత టూత్‌బ్రష్ వాడండి. పైన రేకు మీద పసుపు జిడ్డు పొర కడితే గోరువెచ్చని నీళ్లు, సబ్బు చాలు, కిరోసిన్, థిన్నర్ పెట్టి తుడిచి మళ్ల వేడి చేస్తే మంటలు లేస్తయి. చేప వాసన పోకపోతే నిమ్మచెక్కతోని రుద్ది తుడవండి.

ఇంట్ల బోళ్లు తోమే అక్క వస్తుంటే ఆమెకు ఒకసారి చూపియ్యాలె, చూపియ్యకుండ తర్వాత కసురుకునుడు న్యాయం కాదు. సింకు పక్కన పెడితే ఆమె మిగతా గిన్నెల్లెక్కనే పీచు, పౌడర్ పెట్టి తోమి నీళ్ల కింద కడుగుతది, అది ఆమె పని చేసే పద్ధతి. గ్రిల్, సాండ్విచ్ మేకర్, ఇండక్షన్ అంట్ల దగ్గరికే పోనియ్యకండి, వండినోళ్లే తుడిచి లోపల పెట్టుకోవాలె.

ఎయిర్ ఫ్రయర్

ఇది వేడిగాలి గిర్రున తిప్పే చిన్న ఓవెన్, నూనెల దేవేది కాదు, అది గుర్తుంటే దీంతోని నిరాశ ఉండదు. మిర్చి బజ్జీ పిండి జారుగ ఉంటది, బుట్ట సందులకెళ్లి కింద కారిపోతది. సకినాలు కూడా వద్దు, పిండి పిండిగ గట్టిగ వస్తయి, సంక్రాంతికి కడాయే. కరివేపాకు, అప్పడం అసుంటి తేలికవి గాలికి లేసి పైన కాయిల్‌కు తాకి కాలుతయి. మంచిగ వచ్చేవి ఏందంటే ఆలుగడ్డ ముక్కలు, చికెన్ లెగ్‌పీసులు, కాకరకాయ చక్రాలు, మెయిన్‌గ పల్లీలు. పాలమూరు దిక్కు పల్లీలు ఇండ్లల్లకు బస్తాలల్ల వస్తయి కదా, 160 డిగ్రీల మీద ఎనిమిది పది నిమిషాలు, మధ్యల రెండుసార్లు ఊపితే చాలు, తీసినంక కూడా వేడికి ఇంకా వేగుతయి కాబట్టి కొంచెం ముందే తియ్యండి. ఆలుగడ్డలైతే కోసినంక అరగంట నీళ్లల్ల వేసి, తుడిచి, చెంచా నూనె పట్టిచ్చి, 180 మీద పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. బుట్ట సగం కన్న ఎక్కువ నింపొద్దు, గాలికి జాగ లేకపోతే ఉడుకుతయి గని కరకరలాడవు.

కడుగుడు: బుట్ట, డ్రాయర్ గోరువెచ్చని సబ్బు నీళ్లల్ల నానబెట్టి స్పంజుతోని. అందరూ మర్చిపోయేది పైన కాయిల్. అది పొగ వాసనకు అసలు కారణం. నెలకోసారి మొత్తం చల్లారినంక, ప్లగ్గు తీసి, తలకిందులు చేసి, పిండిన తడి బట్టతోని కాయిల్ తుడిచి, మెత్తటి బ్రష్‌తో అంటుకున్నవి దులిపెయ్యండి. నీళ్లు చల్లొద్దు. గోడకు ఆనిచ్చి పెట్టొద్దు, వెనకాల వేడిగాలి పోయే జాలి ఉంటది, ఒక జానెడు జాగ వదలాలె.

మైక్రోవేవ్, ఓటీజీ

మైక్రోవేవ్‌కు గాజు గిన్నెల నీళ్లు, రెండు నిమ్మచెక్కలు వేసి, చెక్క చెంచా ఒకటి దాంట్ల పెట్టి మూడు నిమిషాలు తిప్పండి, ఐదు నిమిషాలు తలుపు తియ్యకుండ ఉంచండి, తర్వాత ఎండిన సాంబార్ చుక్కలు బట్టకు దానంతట అవే వచ్చేస్తయి. చెక్క చెంచా ఎందుకంటే ఉత్త నీళ్లు ఒక్కోసారి బుడగలు రాకుండనే మరిగే వేడిని దాటిపోయి కదిలిచ్చంగనే ఎగచిమ్ముతయి. లోపల పక్క గోడకు గోధుమ రంగు అట్టముక్క అసుంటిది కనపడుతది, అది మురికి అనుకొని పీకకండి, మైకా షీటు అది, అక్కడికెళ్లే వేవ్స్ లోపలికి వస్తయి. దాని మీద జిడ్డు పడితే మెరుపులు వస్తయి, మెల్లగ తుడవాలె, కాలి రంధ్రం పడితే కొత్తది వేయించాలె. స్టీల్ గిన్నె, జరీ అంచు ప్లేట్లు, ఫాయిల్ లోపల పెట్టొద్దు, ఖాళీగ నడపొద్దు.

ఓటీజీల పెద్దగ చెప్పేది లేదు. కింద పొడి ట్రే ప్రతిసారి దులపండి, రాడ్లు తడపొద్దు, అద్దం మీద జిడ్డుకు వంటసోడా పేస్టు రాసి అరగంట ఉంచండి.

ఇండక్షన్, రోటీ మేకర్

ఇండక్షన్ మీద అడుగు సమానంగ ఉండి అయస్కాంతం అతుక్కునే గిన్నెలే పనిచేస్తయి. ఫ్రిజ్ మీద స్టిక్కర్ అయస్కాంతం తీస్కపోయి షాపుల గిన్నె అడుగుకు పెట్టి చూడండి, గట్టిగ పట్టుకుంటే కొనండి. మన అల్యూమినియం గంజు, గుండ్రటి అడుగు ఉండే తపాలల తపాలచెక్క చేస్తం చూడు, అది దీని మీద అయ్యేది కాదు, గ్యాస్ పొయ్యే. వండినంక వెంటనే గోడ స్విచ్ ఆర్పొద్దు, లోపల ఫ్యాను ఒకటి రెండు నిమిషాలు తిరిగి చల్లబరుస్తది, అది ఆగినంక ఆర్పండి. పాలు పొంగి అద్దం మీద మాడితే గోరువెచ్చగున్నప్పుడే వెనిగర్ తడిపిన బట్ట.

జొన్నరొట్టె కోసం కరెంటు రోటీ మేకర్ కొందామని అనుకునేటోళ్లకు ఒక మాట, కొనకండి. గోధుమపిండికి ఉన్న సాగుడు జొన్నపిండికి లేదు, మూత వేసి ఒత్తంగనే అంచులు పగిలి ముక్కలైతది. జొన్నరొట్టె చేత్తో కొట్టాల్సిందే.

కెటిల్, మన నీళ్లు

నల్గొండల బోరు నీళ్లు వాడితే కెటిల్ అడుగున తెల్లగ పెంకు కడుతది, జల్దినే కడుతది. అది కాల్షియం, మెగ్నీషియం, కాచినప్పుడు నీళ్లలకెళ్లి బయటపడి అడుగుకు పట్టుకుంటది. పెంకు మందమైన కొద్దీ నీళ్లు లేటుగ కాగుతయి, కరెంటు ఎక్కువ లాగుతది, ఆఖరుకు కాయిల్ పోతది. గీకితే పోదు, పులుపుకే పోతది. సగం కెటిల్ నీళ్లల్ల రెండు నిమ్మకాయలు పిండి గానీ, కిరాణంల దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఒక చెంచా వేసి గానీ ఒక పొంగు రానిచ్చి, బంద్ చేసి అరగంట వదిలెయ్యండి, పారబోసి, మంచినీళ్లతోని ఇంకొకసారి కాచి అవి కూడా పారబోయండి. నకిరేకల్ దిక్కు నిమ్మకాయలు అగ్గువ దొరికినప్పుడు ఈ పని పెట్టుకుంటే సరి. బత్తాయి తొక్కలు వేస్తే పోతదా అంటే పోదు, బత్తాయిల పులుపు తక్కువ, వాసన మాత్రమే బాగుంటది. స్టీమర్, ఇస్త్రీ పెట్టె, గీజర్ కాయిల్‌కు పట్టేది కూడా ఇదే పెంకు.

దీంట్ల కలపకూడని సంగతి ఇంకొకటి ఉంది. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతదని ఇప్పటికీ అనేటోళ్లు ఉన్నరు. పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతయి, ఫ్లోరైడ్ అట్లనే ఉండి ఇంకా చిక్కబడుతది. తాగే నీళ్లల్ల అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరు, నాగపూర్ నీరి సంస్థోళ్లు తయారు చేసింది. కాబట్టి కెటిల్ల పోసేది భగీరథ నల్లా నీళ్లో ఆర్వో ఫిల్టర్ నీళ్లో అయితే పెంకూ తక్కువ, ఆ బాధా ఉండదు, బోరు నీళ్లు గిన్నెలు కడుగుడుకు ఉంచుకోండి.

బొద్దింకలు, దాచుడు

వానాకాలం ఇండక్షన్, మైక్రోవేవ్ లోపలికి బొద్దింకలు, బల్లులు వెచ్చదనానికి పోతయి, సర్క్యూట్ బోర్డు మీద పడి షార్ట్ చేస్తయి. మిషన్ లోపల హిట్ అసుంటి మందు కొట్టొద్దు, అది మండుతది, తిండికి కూడా తాకుతది. రాత్రి తుడిచి, చుట్టూ ఒక్క అన్నం మెతుకు కూడా లేకుండ చూసుకొని, బోరిక్ పౌడర్ గట్టు వెనకాల సందుల్ల, పిల్లలకు అందని దగ్గర వెయ్యండి. వాడకుంటే ప్లగ్గు తీసే ఉంచండి, ఉరుములు వచ్చినప్పుడు ఖచ్చితంగ.

అటక మీద పెట్టాల్సొస్తే ప్లేట్ల మధ్యల ఒక పాత పేపరు పెట్టి, వైరు మిషన్ చుట్టూ బిగుతుగ చుట్టకుండ వదులుగ మడిచి, పాత దిండు గలేబుల వేసి పెట్టండి, ప్లాస్టిక్ కవర్ల వేస్తే లోపల చెమ్మ పడుతది. మళ్ల తీసినప్పుడు ముందు వైరు మొత్తం వేళ్లతోని తడిమి చూడాలె, ఎలుక కొరికిందో, మిషన్ దగ్గర వంగిన చోట పగిలిందో. పగిలితే టేపు చుట్టి నడపకండి, అంత వాట్ల మీద టేపు కరుగుతది, వైరే కొత్తది వేయియ్యాలె, అది కూడా పాత దాని మందమే ఉన్నది.